అందరూ ఒకేసారి ప్రార్థిస్తే

బూర్గంపాడు దగ్గర మా చర్చి సంఘంలో పాట అయిపోగానే అందరూ ఒకేసారి గొంతెత్తి ప్రార్థన చేసేవాళ్లు. నలభై మంది, పైన రేకుల కప్పు. అడవి పల్లెల వాళ్లు కోయ భాషలో, మిగతావాళ్లు తెలుగులో, ఎవరి గోడు వాళ్లది. కొత్తగా వచ్చిన సెల్‌ఫోన్లు మధ్యలో మోగేవి. నేను చెరువు పనుల్లో మట్టి కొలిచి లెక్క కట్టేవాణ్ణి. ఇద్దరు ఒకేసారి కొలత చెబితేనే నాకు లెక్క తప్పేది. ఆ గోలలో ప్రార్థన ఎక్కడిదాకా వచ్చిందో మరిచిపోయి మళ్లీ మొదటి నుంచి ఎత్తుకునేవాణ్ణి.

పట్నం నుంచి కొత్త పాస్టరుగారు వచ్చి, ఇకపై ఒకరి తర్వాత ఒకరు అన్నప్పుడు, అందరికన్నా గట్టిగా ఆమేన్ అన్నది నేనే.

మొదటి గురువారం కూడికలోనే సంఘపెద్ద లేచి ప్రపంచ దేశాలన్నిటినీ దీవించడం మొదలుపెట్టాడు. ఆయన మన జిల్లాకు చేరేసరికి నా కాళ్లు తిమ్మిరెక్కాయి. ఆడవాళ్లు మాత్రం తమ వంతుకు లేచి "అందరినీ చల్లగా చూడు ప్రభువా" అని కూర్చున్నారు. నా భార్య అదీ అనలేదు.

ఇంటికి నడుస్తూ అడిగాను. "ఏందే, నోరు పడిపోయిందా? ఇన్నేళ్లు నా చెవి పక్కనే అరిచినవ్ గద."

"ఏమని అరిచిన్నో చెప్పు."

నాకెట్లా తెలుస్తుంది?

"మా తమ్ముడి తాగుడు గురించి. ఒక్కదాన్నే నిలబడి ఆ పెద్దాయన ముందర చెప్పాల్నా? తెల్లారేసరికి అశ్వారావుపేటల వాడి చెవిదాకా పోతది ముచ్చట. వాడు మళ్ల మన గడప తొక్కుతడా?"

"ఇంట్ల చేస్కో."

"ఇంట్ల నువ్వుంటవ్ గద. వాడి పేరెత్తితే తిట్ల దండకం మొదలువెడ్తవ్."

పాస్టరుగారి దగ్గరికి పోయాను. పాత పద్ధతే నయమన్నాను. "ఆరాధనకు ఒక క్రమం ఉండాలి బ్రదర్" అన్నారాయన. క్రమం గురించి చెప్పించుకునే గతి పట్టింది నాకు.

ఒక గురువారం పొద్దున బామ్మర్ది పెళ్లాం ఫోన్ చేసింది. వాడు రక్తం కక్కుకుంటున్నాడట, దవాఖానాకు రమ్మంటే రాడట. ఆ సాయంత్రం సంఘపెద్ద ఇంకా దేశాల దగ్గరే ఉండగా నా భార్య కళ్లు మూసుకుని మొదలుపెట్టింది. కొంగు లాగాను. ఆగలేదు. వెనక నుంచి ఒక ముసలమ్మ కోయలో అందుకుంది. ఆమె వెంట మిగతా ఆడవాళ్లు, తర్వాత అందరూ. ఆపమని పాస్టరుగారు ఎత్తిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది.

చెవులు గింగురుమన్నాయి. నా ప్రార్థన ఎప్పటిలాగే సగంలో తప్పింది. విసుగొచ్చి, నేనూ గొంతెత్తి ఆ తాగుబోతు పేరే చెప్పాను. ఎవరికీ వినబడలేదు.