గాదెలు వాటంతటవే కాలాయట

మా పెద్దమ్మ తియాజుంగ్లా చనిపోయి ఏడాది అయింది. నాగా కొండల్లో, మొకోక్‌చుంగ్ దగ్గరి మా ఊరి వాళ్లందరికీ ఆమె తెలుసు. బయట ఎవరికీ తెలియదు. అది నాకు మామూలు సంగతిగా తోచదు, అన్యాయంగా తోస్తుంది.

ఆమె చర్చి బడిలో పంతులమ్మ. నాగాలు స్వతంత్రంగా ఉండాలా వద్దా అని 1951లో మా నాయకులు జనాన్ని అడిగినప్పుడు ఆమెకు పద్దెనిమిదేళ్లు. సిరా అద్దిన గుడ్డ పట్టుకుని ఇంటింటికీ తిరిగి వేలిముద్రలు తీసుకుంది. మంచం దిగలేని ముసలివాళ్లు కూడా చెయ్యి చాపారు. ఆ కాగితాలను ఢిల్లీ లక్ష్యపెట్టలేదు.

ఆరేళ్ల తర్వాత ఊరికి సైనికులు వచ్చారు. తుపాకులు పట్టి అడవిలో తిరుగుతున్న మా మగవాళ్లకు ఊరే అన్నం పెడుతోందని వాళ్ల కోపం. మా గాదెలు ఇళ్లకు దూరంగా, కొండవాలులో ఉంటాయి. ఊరు అంటుకున్నా తిండిగింజలు మిగలాలని తాతల నాటి నుంచీ అలాగే కడతాం. సైనికులు ముందు ఇళ్లు తగలబెట్టారు. తర్వాత తీరిగ్గా వాలు దిగి గాదెలు తగలబెట్టారు. వడ్లు పేలాల్లా పేలుతుంటే మా అమ్మమ్మ నేలమీద కూలబడిపోయిందట.

మా ఊరినీ పక్క రెండూళ్లనూ కలిపి ఒకే వెదురు కంచెలో పెట్టారు. పొలానికి వెళ్లాలంటే చీటీ ఉండాలి, మూడు గంటల్లో తిరిగి రావాలి. పొలం చేరడానికే గంటన్నర పడుతుంది.

పదో రోజున సైనికుల కెప్టెను ఒక కాగితం తెచ్చాడు. మా వాళ్లలో ఇంగ్లీషు చదవగలిగింది పెద్దమ్మ ఒక్కతే. అందరికీ చదివి వినిపించి వేలిముద్రలు వేయించమని దుబాసీ చేత చెప్పించాడు. ఆమె ఒక్క మాట వదలకుండా మా భాషలో చదివింది:

"వంటింటి పొయ్యి నుంచి నిప్పు రేగి మా ఇళ్లూ గాదెలూ కాలిపోయాయి. ఇందులో ఎవరి తప్పూ లేదు."

ఊరిపెద్ద సుపొంగ్‌తోషి గొంతు సవరించుకున్నాడు.

"అమ్మాయ్, నిజంగా అలాగే రాశారా?"

"అక్షరం మార్చలేదు బాబాయ్."

"అయితే మన పొయ్యికి కాళ్లొచ్చాయన్నమాట. పాపం, కొండ దిగి గాదెల దాకా నడిచెళ్లింది" అంది వెనక నుంచి ఒక ముసలామె.

జనం నవ్వారు. ఆ నవ్వు అర్థం కావడానికి కెప్టెనుకు దుబాసీ అవసరం లేకపోయింది.

పెద్దమ్మ కాగితం అతని చేతికి తిరిగి ఇచ్చేసింది. "మేం ఇష్టపడి వేసిన ముద్రలు మీకు పనికిరాలేదు. బలవంతంగా వేయించుకునేది దేనికి పనికొస్తుంది?" అంది, ఇంగ్లీషులోనే.

"అక్కా, నీకు దండం పెడతా, ఊరుకో" అని గొణిగాడు దుబాసీ.

ఆమెను రెండు రోజులు ఎండలో నిలబెట్టారు. ముద్ర వేస్తేనే బియ్యం ఇస్తామన్నారు. మూడో రోజు సుపొంగ్‌తోషి ఏడుస్తూ వేలు పెట్టాడు. అతని వెనక అందరూ పెట్టారు. పెద్దమ్మ పెట్టలేదు. ఆమెను అస్సాంలో ఒక జైల్లో రెండేళ్లు ఉంచారు, ఏ నేరానికో చెప్పకుండానే. కంచెలో జ్వరంతో అమ్మమ్మ పోయిన సంగతి కూడా ఆమెకు చేరనివ్వలేదు. తిరిగొచ్చాకే తెలిసింది.

సుపొంగ్‌తోషి ఎదురొచ్చి తల దించుకున్నాడు. "నన్ను తిట్టమ్మా."

"పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే వేశావు బాబాయ్. తిట్టాల్సింది నిన్ను కాదు."

తర్వాత మాకంటూ ఒక రాష్ట్రం వచ్చింది, బళ్లు వచ్చాయి. జైలుకెళ్లిన మనిషికి మాత్రం ఏ బడీ ఉద్యోగం ఇవ్వలేదు. కొండపొలం చేసుకుంటూ, ఆదివారాలు ఊరి ఆడవాళ్లకు అరుగు మీద చదువు చెప్పింది. మా అమ్మ అక్కడే అక్షరాలు నేర్చుకుంది.

ఆఖరి రోజుల్లో ఒకసారి అడిగాను. "ఇప్పటికైనా కోపం తగ్గిందా పెద్దమ్మా?"

"ఎందుకు తగ్గాలే? మేమే కాల్చామని ఎవరైనా వచ్చి చెప్పారా?"

ఎవరూ రాలేదు.