సీసాల బావ, వాగులో నురగ

లాండ్రీ నడిపే ఆవిడకి ఒక బావ ఉన్నాడు. సొంత అక్క మొగుడు. ఆయనకున్న జబ్బు ఒక్కటే. సీసాలో పట్టి, చీటీ అంటించి, మూడుసార్లు పరీక్ష చేస్తే తప్ప దేన్నీ నమ్మడు. తెల్లారిందంటే, "ఎవరు చూశారు? ఎన్నింటికి?" అనే రకం.

ఉద్యోగం కూడా దానికి తగ్గదే దొరికింది. ప్రాంతీయ మండలిలో పర్యావరణ విభాగం. చుట్టుపక్కల వాగులూ చెరువులూ శుభ్రంగా ఉన్నాయో లేదో నీళ్ళు పట్టి చూడటం ఆయన పని. జీతం ఇవ్వకపోయినా చేసేవాడు. ఆ సంగతి మండలికి తెలియకుండా అక్క జాగ్రత్త పడింది.

పెళ్ళయిన కొత్తలో అత్తారింటికి వస్తే, మరదలు మంచినీళ్ళిచ్చింది. గ్లాసెత్తి వెలుతురులో చూశాడు. వాసన చూశాడు. జేబులోంచి బుల్లి సీసా తీశాడు.

"ఇదేంటి బావా?"

"సగం నాకు, సగం ల్యాబుకి."

"నేనేమన్నా విషం కలిపాననుకున్నావా?"

"కలిపావని అనట్లేదు. కలపలేదని ఇంకా తేలలేదు."

పదకొండు రోజుల తర్వాత ఫోన్ చేసి, "నీళ్ళు బాగున్నాయి" అన్నాడు. అప్పటికి అత్తగారు ఆ అల్లుణ్ణి తిట్టి, క్షమించి, మళ్ళీ తిట్టడం మొదలుపెట్టింది కూడా.

ఇంట్లోనూ అంతే. "కూరలో ఉప్పెక్కువైందా?" అని అక్క అడిగితే, "ఒక్క ముద్దతో ఏం చెబుతాం? గిన్నెలో పైన, మధ్యన, అడుగున చూడాలి" అనేవాడు. అక్క అడగడం మానేసింది. ఆయన తినడం మాత్రం మానలేదు.

అలాంటి మనిషి ఒక మంగళవారం లాండ్రీ మెట్లెక్కాడు.

"రా బావా! టీ తాగుతావా? సీసా కూడా నేనే ఇస్తాలే."

"డ్యూటీలో ఉన్నాను" అని ఒక కాగితం ఆమె చేతిలో పెట్టాడు.

నోటీసు! లాండ్రీకి దిగువన, వంతెన దగ్గర వాగులో మూడు నెలలుగా సబ్బు నురగ కనపడుతోందట. ఇరవై ఒక్క రోజుల తర్వాత విచారణ. నురగ లాండ్రీదే అని తేలితే లాండ్రీ మూత. కింద సంతకం బావగారిదే.

ఆ లాండ్రీ ఆమె ఒంటిచేత్తో నిలబెట్టుకున్నది. రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, ఇద్దరు పనివాళ్ళు, ఆసుపత్రి దుప్పట్ల కాంట్రాక్టు. అది పోతే ఆమెకి చేతనైన పని ఇంకోటి లేదు.

"నా నీళ్ళు డ్రైనేజీ పైపులోకి పోతాయి బావా. వాగులోకి చుక్క కూడా పోదు. నీకు తెలియదా?"

"అది నువ్వంటున్నావు. సీసా అనాలి."

"సొంత మరదలికి నోటీసివ్వడానికి చేతులెలా వచ్చాయి?"

"కష్టంగానే వచ్చాయి. సంతకం మూడోసారికి గానీ పడలేదు."

ఆమె ఏడవలేదు. నలిగిన నోటీసుని బల్ల మీద పరిచి, శుభ్రంగా ఇస్త్రీ చేసి, గోడకి అంటించింది. "నేను మూయను. ఎవడు మూయిస్తాడో చూస్తాను" అంది పనివాళ్ళతో.

మర్నాటి నుంచి రోజూ పొద్దున్న ఆరింటికల్లా బావ ప్రత్యక్షం. కాళ్ళకి రబ్బరు బూట్లు, భుజాన సీసాల పెట్టె. వంతెన దగ్గర ఒక సీసా, లాండ్రీ గోడ పక్కన ఒక సీసా. తర్వాత వాగు వెంట ఎగువకి వెళ్ళి ముళ్ళపొదల్లో దూరేవాడు. అక్కడేం చేసేవాడో గానీ, చొక్కా చిరిగి, మూడో సీసాతో బయటికొచ్చేవాడు.

"ఏం బావా, ఉరితాడు ఇంకా పేనుతూనే ఉన్నావా?"

"ఈ రోజు ఎన్ని దుప్పట్లు ఉతికావు?"

"చెప్పను."

"సరే. 'చెప్పలేదు' అని రాసుకుంటున్నాను."

ఒళ్ళు మండి ఒకరోజు డాబా మీంచి బకెట్టు నీళ్ళు గుమ్మరించింది. బావ నిలువునా తడిశాడు. తల కూడా తుడుచుకోకుండా చేతిలో సీసా వైపు చూశాడు. "ఇందులో నీ నీళ్ళు పడ్డాయి. ఇది చెల్లదు" అని పారబోసి, ఇంకో సీసా తీసుకుని మళ్ళీ వాగులోకి దిగాడు.

ఆమె అక్కకి ఫోన్ చేసింది. "నీ మొగుడు నన్ను బతకనిచ్చేలా లేడే!"

"నేనేం చేయను? పొద్దుటి పూట సెలవు పెట్టి మరీ వస్తున్నాడు. ఫ్రిజ్ నిండా సీసాలే. పాలగిన్నెకి చోటు లేదు."

"సెలవు పెట్టుకుని మరీ ముంచుతున్నాడా!"

విచారణ రోజున ఇద్దరు పనివాళ్ళనీ వెంటేసుకుని మండలి హాలుకి వెళ్ళింది. అధ్యక్షురాలు కళ్ళద్దాలు పెట్టుకునేలోపే బావ పొడుగు బల్ల మీద సీసాలు పేర్చడం మొదలెట్టాడు. మొత్తం అరవై మూడు. చివరి సీసాకి చోటు లేక అధ్యక్షురాలి టీ కప్పు పక్కకి జరిపాడు.

"ఇవన్నీ ఏం చేసుకోమంటారు?" అంది ఆవిడ.

"ఊపండి మేడమ్." ఒకటి అందించాడు. "ఇది ఆదివారం వంతెన దగ్గర పట్టింది. ఆ రోజు లాండ్రీలో మిషన్లు రెండూ ఆగలేదు. దండెం మీద నలభై ఆరు దుప్పట్లు లెక్కపెట్టాను."

ఆవిడ ఊపింది. నురగ లేదు.

"ఇది మంగళవారంది, అక్కడే." ఊపితే నురగ. "ఇది అదే మంగళవారం, లాండ్రీకి ఎగువన, పొదల్లో పట్టింది." ఊపితే మూత దాకా నురగ.

"అంటే నురగ లాండ్రీ దగ్గరికి రాకముందే ఉందా? లాండ్రీకి ఎగువన ఏముంది?"

బావ కిటికీలోంచి చూపించాడు. "మన మండలి వ్యాను షెడ్డు మేడమ్."

అధ్యక్షురాలు చేతిలో సీసా కింద పెట్టేసింది.

"మనం శాంపిళ్ళు పట్టేది మంగళవారాలు. పర్యావరణం వాళ్ళ వ్యాను మురిగ్గా వెళ్తే బాగుండదని ఆ రోజు తెల్లారగట్లే కడుగుతాం. ఆ నీళ్ళు షెడ్డు వెనక తూములోంచి వాగులో పడుతున్నాయి. మూడు నెలల కిందట కొత్త నురగ పంపు కొనిపించింది నేనే. కడగమని డ్రైవర్‌కి చెప్పిందీ నేనే."

జేబులోంచి ఇంకో కాగితం తీశాడు. అది పర్యావరణ విభాగానికి నోటీసు. ఇచ్చేదీ ఆయనే, పుచ్చుకునేదీ ఆయనే. రెండు చోట్లా సంతకాలు పెట్టేశాడు. లాండ్రీ మీద నోటీసు అక్కడికక్కడే రద్దయింది.

బయటికి రాగానే ఆమె బావ దారికి అడ్డంగా నిలబడింది.

"ఒక్క మాట ముందే చెబితే నీ సొమ్మేం పోయేది? ఇరవై ఒక్క రోజులు నాకు కంటి మీద కునుకు లేదు!"

"నేను చెబితే మరదల్ని వెనకేసుకొచ్చాడనేవాళ్ళు. జీవితాంతం నీ కొట్టు ముందు అదే మాట. ఇప్పుడు ఒక్కడిని అనమను చూద్దాం."

"నా తప్పు లేదని నీకెప్పుడు తెలిసింది?"

"నువ్వు చెప్పినప్పుడే."

"అబ్బో! నువ్వు ఊరికే దేన్నీ నమ్మవుగా?"

బావ ఖాళీ పెట్టె భుజానికెత్తుకున్నాడు. "నమ్మకపోతే మూడు సీసాలు చాలు. నమ్మాను కాబట్టే అరవై మూడు పట్టాల్సొచ్చింది."

ఆమె పక్కకి తప్పుకుని దారిచ్చింది.

కడిగిన నీళ్ళు వాగులోకి పోకుండా షెడ్డుకి కొత్త తొట్టి కట్టేదాకా వ్యాను కడగడం బంద్. నెల తిరిగేసరికి ఆ చుట్టుపక్కల అన్నిటికంటే మురికి బండి పర్యావరణ విభాగానిదే. ఒకరోజు అది లాండ్రీ ముందు ఆగినప్పుడు, ఆమె వెనక తలుపు మీది దుమ్ములో వేలితో పెద్ద పెద్ద అక్షరాలు రాసింది: మా బావ బంగారం.

డ్రైవర్ కంగారుగా పరుగెత్తుకొచ్చాడు. "తుడిచేయమంటారా సార్?"

"బండి కడగొద్దన్నానా లేదా?"

"నీళ్ళక్కర్లేదు సార్. పొడిగుడ్డ చాలు."

బావ ఆ అక్షరాల వైపు ఒకసారి చూసి, ముందు సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు.

"పొడిగుడ్డ లేదు. పోనీ."