కనురెప్ప కింద సున్నం

2014 చెరకు క్రషింగ్ సీజన్‌లో ఒక ఉదయం, 10:20కి, పాలసున్నం నా కుడి కంట్లో పడింది. నీళ్ల తొట్టె మూడు మీటర్ల దూరంలో ఉంది. నా లేబ్ అరవై మీటర్ల దూరంలో. నేను లేబ్‌కు వెళ్లాను.

గజపతినగరం దగ్గర ఒక చక్కెర కర్మాగారంలో కెమిస్టుగా పనిచేసేవాణ్ని. నీళ్లలో కలిపిన కాల్షియం హైడ్రాక్సైడే పాలసున్నం. చెరకు రసంలో ఆమ్లాన్ని తగ్గించి, మలినాలను అడుగుకు దింపుతుంది. ఆ రోజు దాని గొట్టం పూడుకుపోతే, రక్షణ కళ్లద్దాలు పెట్టుకోకుండా వంగి చూశాను.

సున్నం కలిపే అప్పలనాయుడు నా వెనకే పరుగెత్తుకొచ్చాడు. "సారూ, యెక్కడికెల్తన్నారు? తొట్లో తల ముంచండి ముందు!"

"క్షారానికి ఆమ్లం విరుగుడు. బోరిక్ ఆసిడ్ కలుపుతాను."

"కన్ను పోతన్నాది, పాఠం సెప్తన్నారేటి!"

లేబ్‌లోకి అడుగు పెట్టగానే నా మెడ పట్టుకుని అక్కడి కుళాయి కిందకు వంచాడు. అప్పటికి 10:24.

విజయనగరం ఆసుపత్రిలో డాక్టరు గారు పై రెప్ప తిరగేసి, ముద్దలుగా సున్నం తీశారు. సున్నం లీటరు నీటిలో రెండు గ్రాములైనా కరగదు. కరగని రేణువు రెప్ప కింద దాగి, కన్నీటిలో కొద్దికొద్దిగా కరుగుతూ కాలుస్తూనే ఉంటుంది. ఈ సంగతి ట్రైనీలకు నేనే చెప్పేవాణ్ని.

"గ్రేడ్ త్రీ కెమికల్ బర్న్," అన్నారాయన. నాలుగు గ్రేడ్లలో మూడోది. చూపు వస్తుందా అని అడిగాను. "ముందు కన్ను నిలబెడదాం."

విశాఖపట్నంలో ఆమ్నియోటిక్ మెంబ్రేన్ గ్రాఫ్ట్ వేశారు, అంటే ఉమ్మనీటి సంచి పొరను కాలిన కంటిమీద అతికించారు. మూడో వారానికి రెప్ప లోపలి పొర కనుగుడ్డుకు అతుక్కుపోయింది. సింబ్లెఫరాన్ అన్నారు. ఎడమ కన్ను కదిపితే కుడిది కూడా కదలబోయి, రెప్ప పట్టి లాగేది. అందుకని తొమ్మిదడుగుల చీకటి గదిలో, రెండు కళ్లూ కదపకుండా, వెల్లకిలా పడుకున్నాను. తలుపు తెరిచే ఉండేది. నేను మాత్రం ఎటూ తిరగలేకపోయాను.

"ఏటాలోసిస్తన్నావు బావా?" అని అడిగింది నా భార్య పార్వతి.

"నాలుగు నిమిషాలు."

"పెళ్లైనకాడ్నుంచీ పెతీదీ కొలిసే సెప్తన్నావు. ఇదొక్కటీ కొలవకు."

అతుకు విడదీశారు. రెండు నెలలకు మళ్లీ అతుక్కుంది, మళ్లీ విడదీశారు.

ఇప్పుడు అదే కర్మాగారంలో స్టోర్స్ చూస్తున్నాను. ఒంటి కంటితో దూరం సరిగా అందదు. లేబ్‌లో మళ్లీ ప్రయత్నిస్తే, బ్యూరెట్ గొట్టం నుంచి వదిలే చుక్క కింది ఫ్లాస్కు బయట పడేది.

కంట్లో సున్నం పడితే విరుగుడు వెతకకండి. దగ్గరున్న మంచినీళ్లతో, రెప్ప ఎత్తిపట్టి, అరగంట ఆపకుండా కడగండి. ఆ తరువాతే ఆసుపత్రి.

సర్జరీలు మూడు. కంటి చుక్కలు పదకొండు నెలలు. లేబ్ ఉద్యోగం పోయింది. కుడి కంటికి మీటరు దూరంలో వేళ్లు లెక్కపెట్టేంత చూపు మిగిలింది. ఎడమ కన్ను బాగుంది.