లోపలి గాలి

దాజీ పేటలో మా మేనత్త అద్దకానికి ముందు నూలు చిలపలను, అంటే పోగుల చుట్టలను, తొట్టిలో నానబెట్టేది. కొత్త నూలు నీళ్లలో తేలుతుంది. ఎందుకని నేనడిగితే, "లోపట గాలుంటది బిడ్డా. అది పోయేదాంక ఒత్తాలె" అంటూ రెండు అరచేతులతో అదిమేది. బుడగలన్నీ పోయాక నూలు మెల్లగా మునిగేది.

ఒక ఎండాకాలం, బావిలో పడిన బొక్కెన తీయబోయి మామయ్య మునిగిపోయాడు. మూడో రోజు తేలాడు. అంతదాకా అత్త ఆ బావి గట్టు మీది నుంచి లేవలేదు.

ఆ తర్వాత ఆమె చిలపలను అదమడం మానేసింది. అవే మునుగుతాయని తొట్టి పక్కన కూర్చునేది. సరిగా తడవని నూలుకు రంగు పట్టక చీరల్లో తెల్లమచ్చలు వచ్చేవి. సావుకారి తిట్టినా వినేది కాదు.

ఒకసారి నేనే అదమబోతే నా చేయి పట్టుకుంది.

"ఉండనియ్యి బిడ్డా. లోపట ఇంకా గాలున్నది."