ఎర్ర గీత కింది ఇంధనం

ఉపగ్రహం పని అయిపోయాక మిగతావాటికి అడ్డం రాకుండా ఇంకా పైకి తప్పుకోవాలి. అందుకోసం ట్యాంకులో కొంత ఇంధనం ముట్టకుండా ఉంచాలని మేడ్చల్ ఆఫీసులో నాకు నేర్పింది మా పెద్దసారే. ట్యాంకు డ్రాయింగులో ఆ మట్టానికి ఎర్ర గీత గీసి, కింద ఇద్దరం సంతకాలు చేశాం.

ఏళ్ల తర్వాత, గౌడవెల్లి నుంచి వచ్చే మా టెక్నీషియన్ చెప్పాడు: "సార్, మీరు దాపెట్టింది గూడ కాల్చేసిన్రు. ఇగ అది గాడనే తిరుగుతది."

పాత ఫైలు తీశాను. ఆ ఇంధనంతోనే ఇంకో ఏడాది ప్రసారాలు నడుపుతామని ఛానెల్ వాళ్లకు పెద్దసారు రాసిన ఉత్తరం అందులోనే ఉంది. దాచేపాటి సిగ్గు కూడా లేదు. దాని తేదీ మా సంతకాలకు వారం ముందుది.

గీత గీయమని నాకు ఎర్ర పెన్ను అందించింది ఆయనే.