మెరవని బండలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో తెల్లవారిందని కోడి కన్నా ముందు మా అత్తమ్మ కర్ర చెప్పేది. షాబాదు బండల మీద టక్కు టక్కుమంటూ ఆ చప్పుడు వంటింటి వైపు వెళ్తుంటే, ఇంకాసేపట్లో చాయ్ వాసన వస్తుందని నాకు దుప్పట్లోనే తెలిసిపోయేది. అత్తమ్మ అంటే మా బాపుకు అక్క. చిన్నతనంలోనే పోలియో వచ్చి ఆమె కుడికాలు సన్నబడిపోయింది, మోకాలు వంగేది కాదు. బాగున్న కాలితో మిషన్ తొక్కుతూ ఊళ్ళో ఆడవాళ్ళ జాకెట్లన్నీ ఆమే కుట్టేది. మా అన్న హాస్టల్లో ఉండి చదువుకునేవాడు; అమ్మ, బాపు పొద్దున్నే పొలానికి వెళ్ళిపోయేవారు కాబట్టి నాకు తల దువ్వింది, అన్నం కలిపి పెట్టింది, బడికి పంపింది అంతా ఆమే.

మాది ఎల్లారెడ్డి పక్కన చిన్న ఊరు. అప్పటికి తెలంగాణ ఇంకా రాలేదు, మేము నిజామాబాద్ జిల్లాలో ఉండేవాళ్ళం. రోడ్ల మీద టెంట్లు వేసుకుని దీక్షలు చేస్తున్న రోజులవి. ఎప్పుడు బస్సు నడుస్తుందో, ఎప్పుడు బంద్ అవుతుందో ఎవరూ చెప్పలేకపోయేవారు. ఆ ఏడు వానలకు మా పాత పెంకుటిల్లు బాగా కురిసింది. వెనక గోడ నాని, కడుపుతో ఉన్న బర్రెలాగా బయటికి ఉబ్బింది. ఇక అందులో ఉండలేమని బాపు రోడ్డు పక్కన మా జాగాలో కొత్త ఇల్లు మొదలుపెట్టాడు. గోడలు లేచాయి, స్లాబు పడింది. మిగిలింది నేల ఒక్కటే.

అదే సమయంలో బాపు కామారెడ్డిలో తన దోస్తు ఇంటికి విందుకు వెళ్ళొచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచి ఒకటే మాట. వాళ్ళ ఇంట్లో తెల్లటి టైల్స్ వేశారట, లైటు వేస్తే బల్బు నేలలో కూడా వెలుగుతుందట. "మొఖం కనవడ్తది బిడ్డా, అద్దం లెక్క!" అని నాతో చెబుతుంటే బాపు కళ్ళు కూడా అలాగే మెరిశాయి. జీవితమంతా మట్టిలో తిరిగిన మనిషికి తన ఇంట్లో అంత తెల్లని నేల ఉండాలనిపించడంలో వింతేముంది? మరునాడే బడికి వెళ్ళి మా క్లాసు పిల్లలందరికీ చెప్పేశాను, మా కొత్త ఇంట్లో నేలలో మొహం చూసుకోవచ్చని.

బస్సులు నడిచిన ఒక రోజు చూసి అందరం కామారెడ్డి వెళ్ళాం. టైల్స్ దుకాణం నేల కూడా నిగనిగలాడుతూ ఉంది. నేను చెప్పులు విడిచి లోపలికి పరిగెత్తి, రెండు సార్లు జర్రున జారి, మళ్ళీ లేచి నవ్వాను. అత్తమ్మ గుమ్మంలో కర్ర ఆనించి ఒక అడుగు లోపల పెట్టింది. మళ్ళీ వెంటనే వెనక్కి తీసుకుంది. "బస్సుల కూసోని నడుం పట్టింది తమ్మీ. నేనీడనే కూసుంట, మీరు చూసుకోండ్రి" అని బయట బల్ల మీద కూర్చుంది. బాపు తెల్లటి టైల్స్ చూపించాడు. అమ్మ తలూపింది. మళ్ళీ వచ్చి ఖాయం చేస్తామని చెప్పి తిరిగి వచ్చాం.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర అత్తమ్మ నెమ్మదిగా అంది, కొత్తింటికి మీరు పోండి, నేను ఇక్కడే ఉంటానని.

బాపు చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. "గదేంది అక్కా? నీకని ఏరే అర్ర కట్టించిన. మిషన్ కాడ వెలుతురు రావాలెనని కిటికి సుత పెట్టించిన."

"కట్టించినవు తమ్మీ, కాదంటనా. నాకు ఈ ఇల్లు అలవాటైంది."

"ఎనక గోడ పడితే?"

"పడ్డనాడు చూద్దం తియ్."

బాపు చెయ్యి కడుక్కుని బయటికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఇల్లు ఇల్లులా లేదు. అక్కకు ఏదో కష్టం కలిగిందని ఆయన బాధ. ఎవరేమన్నారో ఆమె చెప్పదు. ఊళ్ళో కొందరు మరదలే, అంటే మా అమ్మే, ఏదో అని ఉంటుందన్నారు. ఆ మాట బాపు చెవిన కూడా పడింది. ఆయన అమ్మను అడగలేదు గానీ, ఆమె వైపు చూడడం తగ్గించాడు. అమ్మ తన పని తాను చేసుకుంటూ పోయింది. అత్తమ్మ కర్ర కింద రబ్బరు అరిగిందని, సంతలో కొత్తది కొని తనే తొడిగి ఇచ్చింది. నాకైతే రాత్రి పడుకుంటే ఒకటే దిగులు. ఉబ్బిన గోడ పక్కన అత్తమ్మ ఒక్కతే ఎట్లా ఉంటుంది? నాకు అన్నం ఎవరు కలుపుతారు?

అటువంటి సమయంలో అమ్మ బాపుతో అంది, ఆ తెల్ల బండలు తనకు నచ్చలేదని.

"ఆనాడు దుకాణంల ఎందుకు చెప్పలేదు మరి?" అన్నాడు బాపు.

"ఆనాడు మెరుపు చూసి మురిసిన. తుడిచేది నేను కదా. పొలంకెల్లి వచ్చిన కాళ్ళతోని తిరుగుతరు, అడుగడుగు కనవడ్తది. నాకొద్దు."

బాపుకు కోపం వచ్చింది. ఉన్న ఒక్క ముచ్చట కూడా తీరనివ్వవా అన్నాడు. నీకు నచ్చినవే తెచ్చుకో, నన్ను అడగకు అన్నాడు. నాకు ఆయన కంటే ఎక్కువ కోపం వచ్చింది. బడిలో పిల్లలకు ఏమని చెప్పను? అమ్మతో రెండు రోజులు సరిగా మాట్లాడలేదు.

ఆదివారం అమ్మ నన్ను వెంటబెట్టుకుని కామారెడ్డి బయలుదేరింది. బాపు తోడుగా వచ్చాడే గానీ దుకాణం లోపలికి రాలేదు, ఎదురుగా హోటల్లో చాయ్ చెప్పుకుని కూర్చున్నాడు. ఎర్రటి ఎండలో కూడా కొంగు కప్పుకుని నడిచే అమ్మ ఆ రోజు గొడుగు తెచ్చింది. ఎందుకో నాకు అర్థం కాలేదు.

దుకాణం సేటు ఓపిక గల మనిషి. పాలరాయి మీద పసుపు, నిమ్మరసం పడితే మరక వదలదని, గ్రానైట్ గట్టిదే గానీ రుద్దిన కొద్దీ నున్నగా అవుతుందని, టైల్స్‌లో మెరిసేవి, మెరవనివి రెండు రకాలుంటాయని అన్నీ చూపించాడు. అమ్మ అంతా విని, ఒక్కొక్క రకం నేల మీద పరిపించి, కాసిని నీళ్ళు అడిగింది. సేటు వింతగా చూసి చెంబు తెప్పించాడు. అమ్మ ఆ నీళ్ళు టైల్స్ మీద చల్లి, గొడుగు నా చేతికిచ్చింది. అప్పుడు చూశాను, గొడుగు కొనకు అత్తమ్మ కర్ర పాత రబ్బరు తొడిగి ఉంది.

"కుడికాలు వంచకుండ నడువు బిడ్డా. బరువంత దీని మీదెయ్యి."

ఆటే అనుకున్నాను. కాలు బిగబట్టి, మెరిసే తెల్ల టైలు మీద గొడుగు ఆనించి ముందుకు వంగాను. గొడుగు కొన సర్రుమని పక్కకు పోయింది. కింద నేల లేనట్టే అయింది నాకు. వంగని కాలుతో నిలదొక్కుకోవడం చేతకాలేదు. అప్పటికే సిద్ధంగా ఉన్న అమ్మ చెయ్యి నా చంక కింద పట్టుకుంది కాబట్టి పడలేదు. మొన్న ఇదే దుకాణంలో జారి నవ్వినదాన్ని, ఈసారి నవ్వలేకపోయాను.

"అత్తమ్మకు రోజు గిట్లనే ఉంటదా?" అన్నాను.

"మనింట్ల బండలు గరుకుగున్నయి. అందుకే మనకు తెలుస్తలేదు" అంది అమ్మ.

ఆ గుమ్మంలో అత్తమ్మ అడుగు ఎందుకు వెనక్కి తీసుకుందో ఆ రోజు అమ్మ ఒక్కతే కనిపెట్టిందన్నమాట. మరి ఈ మాట బాపుకు చెప్పొచ్చు కదా అని అడిగాను. అమ్మ నా చెయ్యి వదలకుండానే చిన్న గొంతుతో చెప్పింది.

"చెప్తే మీ బాపు ఈ గడియలనే మారుస్తడు. గాని తన కాలు కోసం తమ్ముడు ముచ్చట సంపుకున్నడని ఆమెకు తెలుస్తది. ఇగ నడిచినప్పుడల్ల గదే యాదికొస్తది. నాకు నచ్చలేదంటే ఎవ్వలకు బరువుండదు. నువ్వు సుత చెప్పకు."

తర్వాత మెరవని రకాల మీద నన్ను మళ్ళీ మళ్ళీ నడిపించింది. చివరికి దుక్కి మట్టి రంగులో, చేత్తో తడిమితే సన్నటి గరుకు తగిలే టైల్స్ తీసుకుంది. బాత్రూముకు ఇంకా గరుకువి. ముందరి వాకిట్లోకి మాత్రం పాత ఇంట్లో లాంటి షాబాదు బండలే చాలంది. పని మొదలైనప్పుడు దగ్గరుండి, హాలుకూ వంటింటికీ మధ్య మెట్టు లేకుండా, బాత్రూములో నీళ్ళు నిలవకుండా వాలు పెట్టించింది. బాపు ఒకసారి వచ్చి చూసి, "మొద్దు బండలు" అని వెళ్ళిపోయాడు.

గృహప్రవేశం నాడు అత్తమ్మ ఆటోలో వచ్చింది, చూసి పోతానని. గడప దాటి కర్ర లోపల ఆనించింది. కాసేపు అలాగే నిలబడింది. కర్రను కొంచెం నొక్కి చూసింది. గోడ పట్టుకుని ఒక అడుగు వేసింది, ఇంకొకటి వేసింది, తర్వాత గోడ మీది చెయ్యి తీసేసింది. హాలు దాటి, వంటిల్లు చూసి, తన అర్రలో కిటికీ దాకా వెళ్ళింది. నేను పక్కనే నడిచాను.

భోజనాల దగ్గర చుట్టాలావిడ ఒకామె అననే అంది. "ఇంత మంచిగ కట్టిండ్రు, నేల గిట్ల మసిబారినట్టు ఏసిండ్రేంది?"

"నా పసంద్ గంతే అక్కా" అని అమ్మ నవ్వేసింది. బాపు తల దించుకుని విస్తర్లో పప్పు వడ్డిస్తున్నాడు. నా నాలుక చివరి దాకా వచ్చింది మాట. అమ్మ నా వైపు ఒక చూపు చూసింది. మింగేశాను.

"దాని పసంద్ కాదు, నా పసంద్."

అందరం తిరిగి చూశాం. అర్ర గుమ్మంలో అత్తమ్మ నిలబడి ఉంది. "మెరిసే బండలంటే నాకు భయం. జారి పడితే మళ్ళ లేస్తనో లేదో. అందుకే కొత్తింటికి రానన్న. నోరిడిచి చెప్పనీకె సిగ్గైంది. మా మరదలు నన్ను అడగలే, ఎవ్వలకు చెప్పలే. మీ అందరి తోటి మాటలు పడుకుంట నా కోసం ఏసింది."

బాపు పప్పు గిన్నె కింద పెట్టాడు. అక్క దగ్గరికి వెళ్ళి, "నాకెందుకు చెప్పలే అక్కా?" అన్నాడు.

"మస్తు మురుస్తుంటివి తమ్మీ. ఎట్ల చెప్పాలె?" అంది అత్తమ్మ.

బాపు అమ్మ వైపు తిరిగాడు. ఆ పూట అందరి భోజనాలు అయ్యాక అమ్మకు తనే విస్తరి వేసి, పక్కన కూర్చుని వడ్డించాడు. మా ఇంట్లో అంతకు ముందు అలా ఎప్పుడూ జరగలేదు. అదే వారం అత్తమ్మ మిషన్ కొత్తింటి కిటికీ కిందికి వచ్చింది.

అమ్మ చేసిన పని గొప్పదని చాలా ఏళ్ళు అనుకున్నాను. పెద్దదాన్నయ్యాక, అత్తమ్మ చేసింది అంతకంటే కష్టమైనదేమో అనిపిస్తోంది. పదిమందిలో నిలబడి నాకు భయం అని చెప్పడం, నా కోసం చేశారని ఒప్పుకోవడం అంత తేలిక కాదు. ఇప్పుడు మా అన్న పిల్లలకు నేనే అత్తమ్మని. కామారెడ్డిలో ఒక ఆఫీసులో పని చేస్తున్నాను. ఈమధ్య అక్కడ నేల మార్చాలని అందరినీ కూర్చోబెట్టి అడిగారు. నల్ల గ్రానైట్ వేస్తే హుందాగా ఉంటుందని దాదాపు అందరూ అన్నారు. అప్పుడు నాకు నెలలు నిండుతున్నాయి. లేచి నిలబడి, అంత నున్నటి నేల మీద నడవాలంటే నాకు భయం, గరుకువి వేయించండి అన్నాను. చెప్పడానికి నాకూ సిగ్గేసింది.

అందరూ వెళ్ళాక, రిటైర్మెంటుకు దగ్గరగా ఉన్న మా పెద్ద గుమస్తా నా బల్ల దగ్గర ఆగాడు. "మంచిగ అన్నవమ్మా. నా మోకాళ్ళకు సుత గదే భయం" అన్నాడు.