కుడి కాలరు

వ్యాయామశాల ఎదుట ఆమెకు చిన్న కుట్టు దుకాణం ఉంది. అక్కడ సాధన చేసేవారి దుస్తులను ఇరవై రెండేళ్లుగా ఆమే బాగుచేస్తోంది. ఒక్కనాడూ లోపలికి వెళ్లి పోటీ చూసింది లేదు. విద్యలన్నీ ఆమెకు చిరుగుల ద్వారానే తెలుసు. కరాటే బట్ట పలుచన, కాలెత్తి తన్నేవారికి లాగు మధ్యలో విచ్చుకుంటుంది. జుజిట్సు వారు నేల మీద దొర్లుతారు గనుక ముందు మోకాళ్లు అరుగుతాయి. జూడోలో దెబ్బ లేదు, పట్టు ఉంది. ఒక చేత్తో ఎదుటివాడి కాలరు, రెండో చేత్తో అతని చొక్కా చేతిని మోచేతి దగ్గర పట్టుకుని పడవేస్తారు. బొంతలాంటి అంగీ అయినా ఆ రెండుచోట్లా తెగుతుంది.

"ఇన్ని విద్యలు తెలుసు, నీకూ ఓ బెల్టు ఇవ్వాలక్కా," అనేవాడు జూడో మాస్టారు.

"మెడలో టేపుంది, చాల్లే నాయనా. ముందు నీ పిల్లల్ని గోళ్లు తీసుకోమను."

పదేళ్ల కూతురిని ఆ మాస్టారికే అప్పగించింది. ఆడపిల్ల తన్ను తాను కాపాడుకోవాలన్నది ఆమెకున్న ఒకే ఒక్క సిద్ధాంతం. కూతురిది ఎడమచేతి వాటం. అందరూ ఎదుటివారి ఎడమ కాలరు పడితే, ఆ పిల్ల కుడి కాలరు, ఎడమ మోచెయ్యి పట్టేది. కూతురితో తలపడ్డవారి అంగీలను తల్లి చూడగానే గుర్తుపట్టి లోలోపల మురిసిపోయేది. బలాన్ని ఇచ్చేటప్పుడు, దానికి శత్రువు ఎప్పుడూ బయటే ఉంటాడని అనుకుంటాం.

కూతురి పెళ్లయిన ఏడాదికి, ఒక మధ్యాహ్నం అల్లుడు వచ్చాడు. బడిలో లెక్కలు చెప్పే నెమ్మదస్తుడు. సంచిలోంచి నీలం చొక్కా తీసి బల్ల మీద పెట్టాడు.

"తలుపు గడియకి తగులుకుందండీ, అత్తయ్యగారూ. మీ అమ్మాయికి చెప్పకండి, కొత్త చొక్కా చింపానని తిడుతుంది."

"తిట్టనీండి బాబూ, నోరే కదా," అని నవ్వుతూ ఆమె చొక్కా పరిచింది.

కుడి కాలరు కుట్టు దగ్గర ఊడింది. ఎడమ చెయ్యి మోచేతి వద్ద చీలింది.

నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. తాను పొరబడి ఉండాలని కోరుకుంటూ చొక్కాను తిప్పి చూసింది, వెలుగులో పెట్టి చూసింది. గడియ ఒక్కచోటే చింపుతుంది. ఇది రెండు చేతుల పని. ఆ చేతులు ఎవరివో ఆమెకు తెలుసు.

"ఇది ఎన్నోది బాబూ?"

అతను తల దించుకున్నాడు. "మూడోది. ముందు రెండూ పారేశాను."

"ఎవరికైనా చెప్పారా?"

"ఏమని చెప్పనండీ? విన్నవాళ్లు నవ్వుతారు. తర్వాత తనే ఏడుస్తుంది. మీరు కుట్టేయండి, చాలు."

"కుట్టను. కుడితే నేనూ గడియే చింపిందన్నట్టే." ఆమె చొక్కాను అలాగే మడిచింది. "మీరిక్కడే కూర్చోండి. నేర్పించింది నేను. నేనే వెళ్లి అడుగుతాను."

"ఒక్కరే వెళ్లకండి అత్తయ్యగారూ. తనకి కోపం వస్తే..."

"ఏం, నా మీదా చెయ్యి వేస్తుందంటారా?"

అతను ఖాళీ సంచిని మడవసాగాడు. ఆమె చొక్కా చంకన పెట్టుకుని, వీధిలోకి దిగింది.